చిటికెడే కదా

సింహానికి తోక ఎక్కడ కుట్టాలన్న దగ్గర మొదలైంది నా విసుగు. యువజనుల ఆదివారానికి హతసాక్షుల నాటకం వేయాలని మా సంఘం కమిటీ తీర్మానించింది. క్రీస్తును కాదని బతకడం కంటే సింహాల నోట పడి చావడమే మేలనుకున్న తొలికాలపు విశ్వాసుల కథ అది. తొండియార్‌పేటలో నాకు చిన్న కుట్టు దుకాణం ఉంది కాబట్టి తెల్ల అంగీలూ సింహం తోలూ నా నెత్తిన పడ్డాయి. ఆదివారపు బడిలో పిల్లలకు పాఠం చెప్పేదీ నేనే కాబట్టి కథ కూడా నా నెత్తినే పడింది. సంఘపెద్ద దుకాణం మెట్టు మీద నిలబడి, "రక్తం బాగా కనపడాలమ్మా, ఎనక బెంచీలోళ్లకు గూడా తెలియాల" అని చెప్పి వెళ్లాడు. తెల్ల అంగీల మీద ఆ ఎరుపును తర్వాత ఎవరు ఉతకాలో మాత్రం చెప్పలేదు.

మాది తెలుగు సంఘం, గుడి తమిళులది. వాళ్ల ఆరాధన ముగిశాక మేము లోపలికి వెళ్తాం. ఫ్యాన్లు ఆపకుండా వదిలి వెళ్తే ఆ రోజు మా అదృష్టం. మా తాతలు రేవు పనికి నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. మా పిల్లలకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. పాటలన్నీ తమిళ అక్షరాల్లో రాసుకుని తెలుగులో పాడతారు. నాటకంలో హతసాక్షి వేషం కట్టే అమ్మాయి కూడా అంతే. "నేను క్రైస్తవురాలిని" అన్న ఒక్క వాక్యాన్ని తమిళంలో అరచేతి మీద రాసుకుని రిహార్సల్‌కు వచ్చేది. చెమటకు అది చెరిగిపోయేది, మళ్లీ రాసుకునేది.

హతసాక్షి అంటే ప్రాణం పెట్టి సాక్ష్యం చెప్పినవాడు. మా సంఘంలో ప్రతి ఆదివారం సాక్ష్యాల వేళ ఒకటి ఉంటుంది. ఒకాయన లేచి ప్రభువు బండి ఇచ్చాడంటాడు. ఇంకొకామె కొడుక్కి ఉద్యోగం దొరికిందంటుంది. అందరం హల్లెలూయ అంటాం. ఇవ్వడం తప్పని కాదు, చెప్పడమూ తప్పు కాదు. కానీ సాక్ష్యమన్న ఆ మాట పుట్టిన చోటు గుర్తుకొస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏం పోగొట్టుకున్నావని ఒక్కరూ అడగరు. అంతా ఏం వచ్చిందనే.

రిహార్సళ్లు నడుస్తుండగా ఒక ఆదివారం పిల్లలకు నేను ఎంచుకున్న కథ ఉత్తర ఆఫ్రికాలోని ఒక పడుచుది. చంకలో పాలు తాగే బిడ్డ ఉంది. చక్రవర్తి పేరు మీద బలి అర్పిస్తే చాలు, చిటికెడు సాంబ్రాణి నిప్పుల్లో వేస్తే చాలు, ఇంటికి పోవచ్చు. వేయనంది. ఆమె తండ్రి క్రైస్తవుడు కాదు. జైలుకు వచ్చి కూతురి చేతులు ముద్దుపెట్టుకుని, కాళ్ల మీద పడి, నా నెరిసిన తల చూడమ్మా అని ఏడ్చాడు. ఆమె కదల్లేదు. విచారణ రోజున కూడా ఆ ముసలాయన కూతురి వెంట పడుతుంటే గవర్నరు ఆయన్ని కింద పడేయించి కర్రతో కొట్టించాడు. ఆ దెబ్బ తనకే తగిలినట్టు ఆమె బాధపడింది. మా పాఠాల పుస్తకంలో హతసాక్షుల మీదికి వదిలిన సింహాలుంటాయి, ఎద్దులుంటాయి, ఈ ముసలాయన తిన్న దెబ్బ మాత్రం ఉండదు. అది ఎందుకు వదిలేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను మాత్రం చెప్పాను.

చెబుతున్నప్పుడు వెనక బెంచీలో మా మరదలు, అంటే మా తమ్ముడి భార్య, పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమెది తిరువొత్తియూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు హిందూ కుటుంబం. మా తమ్ముణ్ణి ప్రేమించి, వాడికంటే ముందు మా దేవుణ్ణి నమ్మి, బాప్తిస్మం తీసుకుని వచ్చింది. వాడు పుట్టు క్రైస్తవుడు, పండుగలకు తప్ప గుడికి రాడు. ఈమె ఏ వారమూ మానదు. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన ఆమె తండ్రి చాలా కాలం ఆమెతో మాట్లాడలేదు. మనవరాలు పుట్టాక మెత్తబడ్డాడు. ఇప్పుడు గొంతులో పుండు. ముద్ద దిగడం లేదు. ఈమె రోజూ గంజి కాచి, డబ్బాలో పోసుకుని, లోకల్ రైలెక్కి వెళ్లి స్పూనుతో పోసి వచ్చేది.

పాఠం అయ్యాక పిల్లలంతా వెళ్లిపోయారు. మరదలు కదల్లేదు.

"వదినా, ఒకటి అడగాల."

"అడగమ్మా."

"మా నాయన అడిగినాడు. ఆయన పోతే నేను నోట్లో బియ్యం వెయ్యాలంట. ఇంకేం వద్దు, అదొక్కటి చాలంట. వెయ్యొచ్చునా?"

వాళ్లలో శవాన్ని ఎత్తే ముందు దగ్గరివాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి ఆ నోట్లో చిటికెడు బియ్యం వేస్తారు. కూతురి బియ్యం ముఖ్యం. మా సంఘంలో అది నిషేధం. ఎవరి ఇంట్లో చావైనా వెళ్లవచ్చు, ఏడవవచ్చు, పూలదండ కూడా వేయవచ్చు. బియ్యం ముట్టకూడదు. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలియని కట్టుబాటు అది. ఈ కట్టుబాట్ల సంగతి తెలుసుకుని చెబుతానని ఆమెను పంపాను. తెలుసుకోవడానికి ఏముంది? తప్పించుకున్నాను, అంతే.

మా పాస్టరుగారు ఈమధ్యే ఆంధ్ర నుంచి వచ్చిన యువకుడు. మంచివాడే. "ప్రార్థనలో పెడదామమ్మా" అన్నాడు. "పెట్టండి అయ్యగారూ, కానీ ఆ పెద్దాయన ఇవాళో రేపో అన్నట్టున్నాడు, మీ ప్రార్థనకు జవాబు ఆలోపల వస్తుందా?" అని అడిగాను. నొచ్చుకున్నాడు. సంఘపెద్దతో ఒక మాట అనుకోవాలన్నాడు.

సంఘపెద్దకు జవాబు నోటి చివరే ఉంది. "చిటికెడే గదా అని ఆ హతసాక్షులు అనుకోనుంటే ఈ పొద్దు మనమంతా యాడుందుము? నువ్వే పాఠం చెప్పి నువ్వే అడగతా ఉండావే!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయనకు లేత్ వర్క్‌షాపు ఉంది. "ఆయుధపూజ నాడు మీ మిషన్ల ముందర గుమ్మడికాయ పగలగొట్టేది ఎవురు?" అని అడిగాను.

"పనోళ్లు. నేను అప్పుడు లోపల ఉండను. రోడ్డు మీద నిలబడతా."

"అయినాక లోపలికొచ్చి బొరుగులూ బూందీ పంచేది?"

"అది వేరే విషయం" అన్నాడు. "పనోళ్లు చెయ్యి జారిపోతారు గదా."

పనోళ్లు చెయ్యి జారకూడదు. తండ్రి జారిపోతే ఫరవాలేదు. నేను ఈ మాట పైకి అన్నానో లేదో గుర్తు లేదు. అనుంటే బాగుండును.

తమ్ముణ్ణి అడిగితే, "అక్కా, ఆడోళ్ల మధ్య నన్ను లాగొద్దు" అన్నాడు. వాడికి షిఫ్టు ఉందట. వాడికి ఎప్పుడూ షిఫ్టే.

ఇక నా సంగతి. ఒక రోజు మరదలితో, "వెయ్యమ్మా, తండ్రి కంటే ఏముంది" అన్నాను. మరునాడు భయమేసి, "వద్దులే, సంఘంలో రచ్చవుతుంది" అన్నాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకు ధైర్యం మీద పాఠాలు చెబుతున్న మనిషిని. నా మాట వినీ వినీ మరదలికి కూడా ఓపిక పోయింది. ఒక సాయంత్రం దుకాణానికి వచ్చి, ఖాళీ గంజి డబ్బా నా కుట్టుమిషను మీద ఠక్కున పెట్టింది.

"నువ్వు చెప్పిన కథలో ఆ నాయనను గవర్నరు కొట్టించినాడు. అవునా?"

"అవును."

"ఆయమ్మకు అంత మాత్రం వసతి ఉన్నింది వదినా. కొట్టేదానికి వేరే మనిషి ఉన్నాడు. ఈడ గవర్నరు లేడు. మా నాయనను కొట్టాలంటే నేనే కొట్టాల."

నేను సింహం తోక చేత్తో పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. ఇన్నేళ్లలో హతసాక్షుల గురించి నేను విన్న ప్రసంగాలు లెక్కలేనన్ని. ఏ ఒక్కటీ ఈ మాట దగ్గరికి రాలేదు. వాళ్లు తమ ప్రాణం ఇచ్చారు. మాకు, ఈ ఊళ్లో, ఈ కాలంలో, ఎవరూ మా ప్రాణం అడగరు. అందుకని పక్కవాడి ప్రాణం ఉసూరుమనిపించి, అదే మా సాక్ష్యమని లెక్క వేసుకుంటాం. ఇంటి దీపం ముందు నిలబడకపోతే అత్త ఏడుస్తుంది, ప్రసాదం తోసేస్తే స్నేహితుడు చిన్నబోతాడు. మాకు దెబ్బ తగలదు. వాళ్లకు తగులుతుంది. మళ్లీ దాన్ని సాక్ష్యాల వేళ లేచి మా కష్టమని చెప్పుకుంటాం.

అట్లాగని వేసేయమని కూడా గట్టిగా అనలేకపోయాను. ఎందుకంటే ఆ చిటికెడు సాంబ్రాణి వేయని మనుషులు పిచ్చివాళ్లు కారు. చిటికెడే కదా అని అందరూ అన్నారు వాళ్లతో. తల్లిదండ్రులు, ఇరుగుపొరుగు, చివరికి జాలిపడ్డ అధికారులు కూడా. ఆ చిటికెడులో తాము ఎవరో ఉందని వాళ్లకు తెలుసు. మరి ఈ చిటికెడులో ఏముంది? ఆ చక్రవర్తి నేను దేవుణ్ణని ఒప్పుకో అన్నాడు. ఈ తండ్రి నువ్వు నా కూతురివని ఒప్పుకో అంటున్నాడు. రెండూ ఒకటేనా? నాకు తెలియలేదు. తెలిసినవాళ్లుగా కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు తీరిక లేదు.

పెద్దాయన మే నెల కత్తిరి ఎండల్లో పోయాడు. మేము వెళ్లేసరికి తిరువొత్తియూరు వీధిలో పందిరి వేశారు, తప్పెట మోగుతోంది. మనిషి ఎముకల గూడై, నోరు కొంచెం తెరుచుకుని ఉన్నాడు. మరదలు ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. ఏడవడం లేదు. ఎదురింటి అరుగు దగ్గర మా సంఘపెద్ద ఇద్దరు ముగ్గురితో వచ్చి నిలబడ్డాడు. మా సహోదరికి తోడుగా వచ్చామన్నాడు. నాకు మాత్రం కాపలాకు వచ్చినట్టే అనిపించింది.

బియ్యం పళ్లెం వచ్చింది. పెద్దాయన అక్కగారు, పండు ముసలావిడ, దాన్ని పట్టుకుని ఆడవాళ్ల వరసలో నడుస్తోంది. ఒక్కొక్కరూ లేచి, చిటికెడు తీసుకుని, చుట్టూ తిరిగి వేస్తున్నారు. మరదలి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆగలేదు. పక్కనున్నామె, "కూతురు వెయ్యొద్దా?" అని గొణిగింది.

"దాన్ని ఇబ్బంది పెట్టొద్దండి" అంది ముసలావిడ. "దాని సామి ఒప్పుకోడంట. మూడు నెలలు ఎండలో పడి గంజి తెచ్చి పోసిందే, అది చాల్లే వాడికి." అని పళ్లెం పక్కామె ముందుకు జరిపింది.

హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను. బలవంతపెడతారని, తిడతారని, శాపనార్థాలు పెడతారని మేమంతా భయపడ్డ మనుషులు వాళ్లే. ఒక్క మాటతో వదిలేశారు. ఇంత దయ మా కమిటీలో వెతికితే దొరుకుతుందా అని కూడా అనుకున్నాను.

మరదలు అప్పుడు లేచింది. "అత్తా, ఇట్లా తే" అంది. పళ్లెంలోంచి బియ్యం తీసుకుంది. తండ్రి తల దగ్గర వంగి, "నాయనా, నువ్వడిగినావు గదా" అని ఆ తెరిచిన నోట్లో వేసింది. వేశాక ఏడ్చింది, ఎవరూ పట్టలేనంతగా ఏడ్చింది. నేను తలెత్తి చూస్తే ఎదురింటి అరుగు ఖాళీగా ఉంది.

ఆ వారమే కమిటీ కూర్చుంది. ఆమెను ప్రభువు బల్లకు రానివ్వకూడదని తీర్మానం. మాలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోనివ్వకపోతే మనిషిని ఇంట్లోంచి గెంటినట్టే. సంఘపెద్ద నాతో అన్న మాట ఇంకా చెవిలో ఉంది: "ఆళ్లే వదిలిపెట్టినారే! ఎవురన్నా బలవంతం చేసినారా? తనే అడిగి తీసుకొని వేసింది!" నిజం చెప్పొద్దూ, అదే ప్రశ్న నా నోట కూడా వచ్చింది. "వాళ్లు వదిలేశారు కదమ్మా, ఎందుకు వేశావు?" అని అడిగాను.

"అత్త వదిలింది వదినా. నాయన వదల్లా" అంది. అంతకు మించి చెప్పలేదు.

తొలికాలపు సంఘాల్లో కూడా ఇదే తగువు నడిచింది. భయపడి సాంబ్రాణి వేసినవాళ్లు తర్వాత ఏడ్చుకుంటూ గుడి తలుపు దగ్గరికి వచ్చారు. వాళ్లను చేర్చుకోవాలా వద్దా? చెరసాలల్లో దెబ్బలు తిని ఇంకా ప్రాణంతో ఉన్నవాళ్లలో చాలామంది, చేర్చుకోండి పాపం అన్నారు. దెబ్బ తగలనివాళ్లే ఎక్కువ తూకాలు వేశారు. ఈ సంగతి పాస్టరుగారికి చెప్పాను. తలూపాడు. "రాజీ మార్గం ఒకటుందమ్మా" అన్నాడు. యువజనుల ఆదివారం ఆరాధనలో ఆమె లేచి 'తప్పు చేశాను' అని ఒక్క మాట అంటే చాలట. ఆ రోజే బల్లకు రావచ్చట. సంఘపెద్ద కూడా ఒప్పుకున్నాడట.

నాకు ప్రాణం లేచివచ్చింది. శనివారం సాయంత్రం అంగీలకు కుట్లు వేస్తూ మరదల్ని కూర్చోబెట్టుకున్నాను. "ఒక్క మాట, అంతే. అనేసి కూర్చో. లోపల నువ్వేమనుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఈ రచ్చ నేను పడలేకపోతున్నానమ్మా. ఒక్క మాటే కదా!"

ఆమె అంగీ అంచు సర్దుతోంది. తలెత్తి నన్ను చూసింది. కోపంగా కూడా కాదు.

"వదినా, ఆళ్లతో గూడా ఇట్లనే గదా అనింటారు. చిటికెడే గదా అని."

నా కాలు మిషను మీద ఆగిపోయింది. ఇన్ని రోజులూ సంఘపెద్ద మీద, పాస్టరు మీద, తమ్ముడి మీద మండిపడుతూ, చివరికి గవర్నరు మాట నా నోట్లోంచే వచ్చింది. ఎంత సులువుగా వచ్చిందో! ప్రేమతోనే వచ్చింది, అదే దరిద్రం.

ఆదివారం గుడి నిండింది. ప్రసంగం అయ్యాక పాస్టరుగారు పేరు పెట్టి పిలవకుండా, "మన సహోదరి ఒక మాట చెబుతారు" అన్నాడు. మరదలు లేచింది. కొంగు భుజం మీదికి లాక్కుంది.

"మా నాయన అడిగినాడు, నేను వేసినాను. అది తప్పని నాకు అనిపించలా. అనిపించకుండానే అంటే దేవుని ఇంట్లో అబద్ధమాడినట్టు. నేను క్రైస్తవురాలిని. అంతే."

కూర్చుంది. ఒక్క హల్లెలూయ లేదు. సంఘపెద్ద పాట నెంబరు చెప్పాడు. బల్ల సిద్ధమైంది, బెంచీ తర్వాత బెంచీ లేచి వెళ్లింది. మరదలు పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంది. నేనూ లేవలేదు. ధైర్యమని ఎవరూ అనుకోవద్దు. కోపంతో బల్ల దగ్గరికి వెళ్లకూడదని పిల్లలకు నేనే చెబుతాను, నాకు ఒంటి నిండా కోపముంది. ఇది రాస్తున్న నాటికి కూడా ఆమెను బల్లకు పిలవలేదు.

తర్వాత నాటకం. సింహం వచ్చింది, పిల్లలు కేకలు పెట్టారు. నేను కుట్టిన తెల్ల అంగీలో ఆ అమ్మాయి వణుకుతూ ముందుకు వచ్చింది. అరచెయ్యి చూసుకుంది. అక్షరాలు చెరిగిపోయినట్టున్నాయి, మళ్లీ చూసుకుంది. చివరికి కళ్లు మూసుకుని, "నేను క్రైస్తవురాలిని" అని గట్టిగా అనేసింది.

గుడి దద్దరిల్లింది. చప్పట్లు, ఈలలు. సంఘపెద్ద లేచి నిలబడి మరీ కొడుతున్నాడు, ఆయన కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. అవి దొంగ నీళ్లని నేననను. గంట కిందట ఇదే మాట, ఇదే గుడిలో, అంగీ లేకుండా వినబడింది ఆయనకు. నేను చేతులు కట్టుకుని బిగుసుకుని కూర్చున్నాను. లేచి అరవాలని ఉంది.

మరదలు నా మోచేతిని పొడిచింది. ఒళ్లో పిల్ల రెండు చేతులూ పట్టుకుని చప్పట్లు కొట్టిస్తోంది.

"వదినా, ఆ నాటకం పిల్ల నీ పక్కే చూస్తా ఉంది. భయపడతాంది. కొట్టు."

కొట్టాను.